గోధుమ బీరు పాఠం, పాలమూరు జొన్న

అమెరికా పద్ధతి గోధుమ బీరును ఇంటివద్ద తయారుచేసుకొనే విధానం కిణ్వనం చదివే విద్యార్థిని ఆకర్షించడం సహజం. ధాన్యంలో 30 నుండి 50 శాతం గోధుమ మాల్టు, మిగిలినది బార్లీ మాల్టు, కొద్దిగా హాప్స్. జర్మనీ గోధుమ బీరుకు లవంగం, అరటిపండు వాసనలనిచ్చే ఈస్టుకు బదులు ప్రత్యేక వాసన లేని ఈస్టు. నూర్పిడిలో గోధుమ పొట్టు ఊడిపోతుంది కనుక వడపోతకు బార్లీ పొట్టే ఆధారం. అమెరికా సమాఖ్య చట్టం ఈ గృహ తయారీని 1978లోనే అనుమతించింది. తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. విస్తరణ శాస్త్రవేత్త ఈ హద్దును మొదటే చెప్పాలి. మత్తుమందులు కలిపిన కల్లు కుటుంబాలను చితికించిన పాలమూరులో అలా చెప్పడానికి చట్టం ఒక్కటే కారణం కాదు.

అయితే హద్దు చెప్పి ఊరకుండడం సరికాదు. ఈ విధానంలో మద్యంతో నిమిత్తం లేని సగం ఒకటున్నది: మాల్టు తయారీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు పనికివచ్చేది ఆ సగమే, అదీ గోధుమతో కాదు. గోధుమ కోరే దీర్ఘమైన చలి ఇక్కడ లేదు. ఇక్కడి ధాన్యం జొన్న. పత్తి వల్ల కొంత, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు తెచ్చిన వరి వల్ల మరికొంత జొన్న వెనుకబడింది. రొట్టె, అంబలి, చొప్పలను మించి గిరాకీ లేని పంటను వదిలిన రైతును తప్పుపట్టడం తగదు.

బార్లీ స్థానాన్ని జొన్న తీసుకోగలదా? నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించగా అక్కడి కర్మాగారాలు జొన్నకు, మొక్కజొన్నకు మారాయి. ఆ మార్పు తేలిక కాదు. జొన్న పిండిపదార్థం ఉడికి చిక్కబడడానికి బార్లీ కంటె ఎక్కువ వేడి, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి కావాలి. ఆ వేడికి బీటా అమైలేజ్ నశిస్తుంది. జొన్న మాల్టులో అది మొదటినుంచీ తక్కువే. కనుక పిండిని విడిగా ఉడికించి, చల్లార్చి మాల్టు కలపడమో, బయటి ఎంజైములు వాడడమో తప్పదు.

బీరుకు లోపమైనది జావకు లోపం కాదు. జావను పలుచబరచేది ఆల్ఫా అమైలేజ్; అది జొన్న మాల్టులో చాలినంత ఉంటుంది. చిక్కని జావలో చెంచాడు మాల్టు పిండి కలిపితే పలుచబడుతుంది, అంటే పసిబిడ్డ చిన్న పొట్టలో అంతే పరిమాణంలో ఎక్కువ ధాన్యం పడుతుంది. రాగి మాల్టు తెలిసిన ఇళ్లకు ఇది కొత్త విద్య కాదు.

ప్రమాదం మాత్రం కొత్తది. జొన్న మొలకలో ధురిన్ పేరుకొని హైడ్రోజన్ సయనైడును విడుదల చేస్తుంది. లేత జొన్న మేసిన పశువును చంపేది ఈ విషమే. మాల్టును ఆరబెట్టాక మొలకలను, వేళ్లను నలిపి, చెరిగి పూర్తిగా తీసివేయాలి. ఈ మెళకువ చెప్పని శిక్షణ ఇవ్వకపోవడమే మేలు. వానాకాలంలో గింజ బూజు సోకిన జొన్న అసలే పనికిరాదు.

పాలెం పరిశోధన స్థానం వంటి చోట్ల జొన్న రకాలను పోల్చే పట్టికలో గింజ, చొప్ప దిగుబడుల పక్కన మాల్టు ఎంజైము శక్తికీ ఒక గడి ఉండాలి. బీరు గురించి అడిగే విద్యార్థికి ఇవ్వదగిన ఎమ్మెస్సీ పరిశోధనాంశం ఇదే: ఒకే జొన్న రకం, అలంపూర్ నల్లరేగడిలో యాసంగి పంట ఒకటి, నాగర్‌కర్నూల్ ఎర్ర చెల్కల్లో వానాకాలపు పంట ఒకటి, రెండింటి మాల్టులు పక్కపక్కన.