పామును పట్టడం కాదు.. చదవండి!

ఈ వారం మీ ఫోన్‌లో కనీసం ఒక్క రీల్ అయినా వచ్చే ఉంటుంది. ఓ కుర్రాడు నాగుపాము తోక పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వుతుంటాడు. చుట్టూ జనం, ఈలలు. కింద వేల లైకులు. 'అబ్బ, ఏం గుండెరా!' అని ఎవరో కామెంట్ పెడతారు. ఆ ఎవరో మీరే కావచ్చు కూడా.

ఒక్క మాట అడుగుతాను. ఆ పాము కాటేస్తే విషం ఒంట్లో ముందుగా ఏ పనిని ఆపేస్తుందో ఆ కుర్రాడికి తెలుసా? అనుమతి లేకుండా పామును అలా పట్టి ఆడించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసయ్యే పని అని తెలుసా? తెలిసి ఉంటే ఆ రీల్ ఉండేది కాదు. పాముల దగ్గర మన దేశానికి లేనిది ధైర్యం కాదు, చదువు. ముఖ్యంగా బైపీసీ తీసుకుని, నీట్ ర్యాంకు రాలేదని ఇంట్లో తల దించుకుని తిరుగుతున్న మీతోనే ఈ మాట చెప్పాలి.

లెక్క చూస్తే నిద్ర పట్టదు

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవారు దాదాపు 12 లక్షల మంది అని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేలు. వీరిలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే. దాదాపు 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. వాటిలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెల్లో, పొలం పనికి వెళ్లేవారు, నేల మీద పడుకునేవారు. అందుకే ఈ సంగతి పేపర్లో ఒక మూలకే పరిమితమవుతుంది.

2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరసకట్టారు. మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. జనం నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ నీళ్లు నిండితే కలుగుల్లోని పాములు గట్ల మీదకు ఎందుకొస్తాయో, బూట్లు, టార్చిలైటు, దోమతెర ఎన్ని ప్రాణాలు కాపాడతాయో రైతుకు ఓపిగ్గా చెప్పే మనిషి ఎన్ని మండలాల్లో ఉన్నారు?

విషం అంతా ఒకటి కాదు

మన దేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి. ఎక్కువ ప్రాణాలు తీసేవి మాత్రం నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాగు, కట్లపాముల విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపుతుంది. పింజరల విషం రక్తం గడ్డకట్టే ఏర్పాటునే దెబ్బతీస్తుంది. కట్లపాము అర్ధరాత్రి కాటేస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లారేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి.

ఈ నాలుగింటికీ కలిపి మనకున్న విరుగుడు ఒక్కటే. కొద్దికొద్దిగా విషాన్ని గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను తీసి మందు చేస్తారు. దానికి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుళుల సహకార సంఘం నుంచే వస్తోంది. ఇక్కడే ఉంది చిక్కు. ఒకే జాతి పాము అయినా ఊరు మారితే విషం మారుతుంది. చెన్నై పరిసరాల పాముల విషంతో చేసిన మందు వేరే ప్రాంతాల పాము కాటుకు అంత బాగా పనిచేయకపోవచ్చని బెంగళూరు ఐఐఎస్సీలో కార్తీక్ సునగర్ బృందం చేసిన పరీక్షలు చూపించాయి. మరి మన పల్నాడు రక్తపింజర సంగతి, ఆదిలాబాద్ కట్లపాము సంగతి తేల్చాల్సింది ఎవరు?

ఉత్తరాంధ్ర అడవుల్లో గిరినాగు అని పిలిచే కింగ్ కోబ్రానే తీసుకోండి. అన్నిచోట్లా ఉన్నది ఒకే జాతి అని 180 ఏళ్లకు పైగా అనుకున్నాం. అది నాలుగు జాతులని 2024లో తేల్చారు. ఆ పనిలో ముందున్నది మన దేశపు పరిశోధకులే. ఇంత పెద్ద పాము విషయమే మొన్నటిదాకా తేలలేదంటే, మిగతావాటి గురించి చెప్పాలా?

వలలో పడ్డ కడలిపాము

మన తీరంలో ఇంకో కథ ఉంది. కడలిపాములు నాగుపాము కుటుంబానివే. నేల మీద బతికిన పూర్వీకుల నుంచే సముద్రంలోకి వెళ్లాయి. తోక తెడ్డులా చదునైంది. ఒంట్లోని ఉప్పును బయటకు పంపే గ్రంథి నాలుక కింద ఏర్పడింది. చాలావరకు నీళ్లలోనే పిల్లల్ని కంటాయి. కానీ మొప్పలు లేవు. ఊపిరి కోసం పైకి రావాల్సిందే. అందుకే ట్రాలర్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే ఊపిరాడక చస్తాయి. వల దులిపేటప్పుడు మత్స్యకారుల చేతిని కాటేసేదీ ఇవే. మన దేశంలో దొరికే విరుగుడు తయారీలో కడలిపాము విషం లేనే లేదు.

బీక్డ్ సీ స్నేక్ అనే జాతి ఆసియా తీరాల్లోనూ, ఆస్ట్రేలియాలోనూ ఉందని చాలాకాలం అనుకున్నారు. జన్యువులు పరీక్షిస్తే అవి వేర్వేరు జాతులని, ఒకే రకం బతుకు వల్ల విడివిడిగా ఒకే రూపానికి వచ్చాయని తేలింది. పరిణామం అనగానే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న గుర్తొస్తుంది కదూ! ఏ పాముకు ఏ మందు అన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మరి ఉద్యోగం?

మీ నాన్న అడిగే ప్రశ్న ఇదే. నిజమే చెబుతాను, సాఫ్ట్‌వేర్ అంత తేలిగ్గా జీతం రాదు. మొదట్లో ప్రాజెక్టుల మీద తిరగాలి. కానీ దారులున్నాయి. డిగ్రీ జువాలజీ తర్వాత బెంగళూరు ఎన్‌సీబీఎస్, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లలో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయొచ్చు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37 వేలు ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ఉంది. విరుగుడు తయారు చేసే కంపెనీ తెలంగాణలోనే ఉంది. అక్కడ ఫార్మసీ, బయోటెక్నాలజీ వాళ్లే కాదు, గుర్రాలను చూసుకునే పశువైద్యులూ కావాలి. ఎంబీబీఎస్ సీటు వచ్చినవాళ్లకూ ఇక్కడ పనుంది. విరుగుడు వికటిస్తుందేమో అన్న భయంతో రోగిని పెద్దాసుపత్రికి పంపేసే డాక్టర్లు కాదు, దగ్గరుండి ఎక్కించే డాక్టర్లు పీహెచ్‌సీల్లో కావాలి. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మనుషులు లేకుండా ప్రణాళిక నడుస్తుందా?

పాము విషం చంపడమే కాదు, బతికిస్తుంది కూడా. గుండెపోటు రోగులకిచ్చే టైరోఫిబాన్ మందుకు దారి చూపింది చిన్నపింజర విషంలోని ఓ ప్రొటీనే. మన చేను గట్టు మీది పామే అది.

'డిగ్రీలు లేకుండానే ఇరుళులు పాములు పట్టడం లేదా?' అంటారేమో. పడతారు. అది తరతరాల చదువు. ఆ చదువుకే వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు లైసెన్సుతో పడతారు, విషం తీసి తిరిగి వదిలేస్తారు. లైకుల కోసం పట్టరు.

కాబట్టి ఈసారి ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఎవరినైనా కాటేస్తే కోయడం, కట్లు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి చేర్చండి. ఆ రాత్రి ఇంటికొచ్చాక, అది ఏ పాము, దాని విషం ఏం చేస్తుంది అని పుస్తకం తెరవండి. ఆ పుస్తకం దగ్గరే కూర్చోవాలనిపిస్తే, మీ దారి అదే కావచ్చు.