మంచు పడుతుందా, పడదా?



డిసెంబరు నెల వచ్చిందంటే మా సంఘంలో పిల్లలకు ఒకటే హడావిడి. మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఆదివారపు బడి పిల్లలు పశువుల పాక కడుతున్నారు. వెదురు బద్దలు, వరిగడ్డి, రంగు కాగితాలు అన్నీ సిద్ధం. చివరికి పాక కప్పు మీద దూది అంటించారు. అది మంచు అన్నమాట. మనలో ఎవరూ కళ్లారా చూడని ఆ మంచును ఏటేటా దూదితో చేసుకోవడం మనకు అలవాటే గదా!

వేళ్లకు అంటుకున్న దూదిని దులుపుకుంటూ ఒక పిల్లవాడు, "అంకుల్, ఈ ఏడు మన దగ్గర నిజంగనే మంచు పడుతదంట! ఫోన్ల వచ్చింది" అన్నాడు.

అంతే, వేపచెట్టు కింద పెద్ద వాదమే మొదలైంది. మేడ్చల్ నుంచి వచ్చిన ఒక యువకుడు, శామీర్‌పేటలో ఉండే ఇంకొక యువకుడు ఇద్దరికీ వాతావరణం అంటే మహా పిచ్చి. ఒకరు మిద్దె మీద వాన కొలిచే గొట్టం పెట్టుకున్నారు. ఇంకొకరు తెల్లవారుజామున లేచి ఉష్ణమాపకం చూసి పుస్తకంలో రాసుకుంటారు. తెలంగాణ వెదర్‌మ్యాన్‌గా పేరున్న టి. బాలాజీ వంటివారు పెట్టే కబుర్లను ఇద్దరూ వదలకుండా చదువుతారు.

"మంచు గింతు ఏం పడదు గానీ అన్నా, చలి మాత్రం గట్టిగ ఉంటది. వచ్చే వారం 9 డిగ్రీలకు దిగుతది" అన్నాడు మేడ్చల్ అబ్బాయి.

"ఏడ దిగుతది తమ్మీ! బంగాళాఖాతంల అల్పపీడనం లేస్తుంది. మబ్బు కమ్ముతది. 15 కింద దిగదు, రాసి పెట్టుకో" అన్నాడు శామీర్‌పేట అబ్బాయి.

ఒకరు అమెరికావారి లెక్క చూపిస్తే, ఇంకొకరు యూరప్‌వారి లెక్క చూపించారు. అరగంట గడిచినా తేలలేదు. అప్పటిదాకా ఊరుకున్న ఒక అవ్వ కర్ర ఆనించుకుని లేచి, "గదంత నాకెందుకు బిడ్డా! నా మేకపిల్లలను రేపు మాపటికి ఇంట్ల కట్టుకోవాల్నా, బయట కట్టుకోవాల్నా, గది చెప్పుండ్రి" అన్నది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అవ్వ అడిగిన ప్రశ్న గురించే ఈ నెల నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు ఆ పిల్లవాడి మంచు సంగతి చూద్దాం. మన తెలుగులో మంచు అనే ఒక్క మాటకు చాలా అర్థాలున్నాయి. తెల్లవారి గడ్డి మీద నిలిచే నీటి బొట్టూ మంచే. శామీర్‌పేట చెరువు మీద పొద్దున్నే కమ్ముకునే పొగా మంచే. హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి చలికాలంలో జనం మంచు చూడటానికి బళ్లు కట్టుకుని వెళతారు. అక్కడ వారు చూసేది ఎక్కువగా పొగమంచే. బాగా చలి పెరిగిన రోజున గడ్డి మీద బొట్లు గడ్డకట్టడం కూడా చూస్తారు. అంతేగాని ఆకాశం నుంచి దూదిలా రాలే మంచు కాదు. "మంచు కురిసే అవకాశం" అని ఎవరో ఫోనులో పంపితే, రాసినవారి మనసులో ఒక మంచు, చదివినవారి మనసులో ఇంకొక మంచు. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

2023 మార్చి నెలలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో నేలంతా తెల్లబడిపోయింది. ఆ చిత్రాలు చూసినవారు మన దగ్గర కాశ్మీరం వచ్చిందన్నారు. అది మంచు కాదు, రాళ్ల వాన. వడగండ్లు చలి వల్ల పడవు. ఎండకు నేల కాగి, గాలి వేగంగా పైకి లేచి, పెద్ద ఉరుముల మబ్బులో నీటిబొట్లను పైకి ఎగరేస్తుంటే అవి గడ్డకట్టి రాళ్లై పడతాయి. అందుకే మనకు అవి ఎక్కువగా చలి వెనుకబట్టి ఎండ ముదిరే రోజుల్లోనే వస్తాయి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ద్రాక్షతోటలకు పేరుపడిన రోజుల్లో గెలలు పండే కాలమూ, రాళ్ల వాన కాలమూ ఒకటే అయ్యేవి. తోట ఉన్న పెద్దవారిని అడగండి, ఆకాశం వైపు ఎలా చూసేవారో చెబుతారు.

మరి నిజమైన మంచు ఇక్కడ ఎందుకు పడదు? మన ఊళ్లు సముద్రమట్టానికి ఐదారు వందల మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. నీరు గడ్డకట్టేంత చల్లని గాలి మన తల మీద 4, 5 కిలోమీటర్ల పైన గాని దొరకదు. అక్కడ మంచు రేకులు పుట్టినా కిందికి దిగేలోపు కరిగి నీళ్లవుతాయి. హైదరాబాదు బేగంపేటలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. అంత చలిలోనూ ఇక్కడ నేల మీద మంచు పేరుకోలేదు. కాబట్టి పిల్లలూ, దూది దాచుకోండి, వచ్చే ఏడు కూడా పనికొస్తుంది.

ఇంకొక చిత్రం చూడండి. మన చలికాలపు చలి ఉత్తరాది పొడి గాలితో వస్తుంది. ఆకాశం తేటగా ఉంటే పగలు నేల తాగిన వేడి రాత్రి పైకి పోతుంది, చలి పెరుగుతుంది. మబ్బు కమ్మితే అది దుప్పటి కప్పినట్టే, వేడి పోనివ్వదు. అంటే చలి గట్టిగా ఉన్న రాత్రి మబ్బుండదు, మబ్బున్న రాత్రి అంత చలి ఉండదు. డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే లెక్కంతా తారుమారవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను కొద్దిగా ఇటు జరిగితే మనకు మబ్బు, అటు జరిగితే పొడి గాలి. ఒక రాత్రి చలిలో ఐదారు డిగ్రీల తేడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి వేపచెట్టు కింద వాదించుకున్న ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. వారం ముందుగా ఆ మబ్బు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఎందుకు కష్టం? 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు వాతావరణపు లెక్కను కంప్యూటరులో రెండోసారి వేశాడు. ఈసారి 0.506127 అనే అంకెకు బదులు క్లుప్తంగా 0.506 అని కొట్టాడు. మొదట్లో రెండు లెక్కలూ ఒకేలా నడిచాయి. కొంత దూరం పోయాక ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే లేకుండా పోయింది. మొదట ఆవగింజంత తేడా చివరికి కొండంత అవుతుందని అప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు పెద్ద వాతావరణ కేంద్రాలు ఒకే లెక్క వేసి ఊరుకోవు. మొదటి అంకెలను కొద్ది కొద్దిగా మార్చి అదే లెక్కను అనేకసార్లు వేస్తాయి. ఎక్కువ లెక్కలు ఒకే మాట చెబితే నమ్మకం ఎక్కువ. తలో మాట చెబితే తక్కువ. మన దేశంలో 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులుగా నేలను పంచుకుని లెక్క వేస్తుంది. అయినా ఒక్కొక్క గడిలో ఎన్ని చెరువులు, గుట్టలు, మిద్దెలు! 2020 అక్టోబరు 13 నాటి కుండపోత గుర్తుందా? మన జిల్లాలోనే ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడితే, బేగంపేటలో పడింది సుమారు 19.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం శామీర్‌పేట వైపు ఉండే మా బామ్మర్ది అప్పు చేసి కోళ్ల షెడ్డు వేశాడు. జనవరిలో ఒకరోజు పిల్లలు దిగాయి. కోడిపిల్లకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బుంది. "రాత్రి చలి పెరగవచ్చు" అని వార్తల్లో చెప్పారు. "మబ్బుంది గద బావా, ఏం కాదు. పోయిన వారం గూడ గిట్లనే చెప్పిండ్రు, ఏమైంది?" అని వాడు నాతో అన్నాడు. గోనె పరదాలు ఒకవైపు చిరిగి ఉన్నాయి. కుట్టుకోవడానికి గంట పని. రేపు చూద్దాంలే అనుకున్నాడు. నేనూ ఔననే అన్నాను.

అర్ధరాత్రి దాటాక మబ్బు విడిపోయింది. తెల్లవారి చూస్తే చలికి పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద పడ్డవి ఊపిరాడక చచ్చిపోయాయి. మా మరదలు వాటిని తట్టలో ఎత్తుతూ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది. వార్త తప్పయినా మాకు పోయేది గంట పని, రెండు గోనె సంచులు. వార్త నిజమైతే పోయేది అప్పు తెచ్చిన సొమ్ము. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి మాకిద్దరికీ పుట్టలేదు. వార్త నిజమా అబద్ధమా అనే వాదంలోనే ఉండిపోయాం.

వాతావరణ శాఖ చెప్పేదాన్ని సూచన అంటారు. ఎంత సరైన మాట! సూచన అంటే వాగ్దానం కాదు. పదింట మూడు వంతులు వాన అవకాశం అన్నారంటే, అలాంటి రోజులు పది వస్తే మూడింటిలో వాన పడుతుందని. ఈ రోజు పడలేదని వారిని అబద్ధికులు అనరాదు. వారి మాటల్లోనూ కొలతలున్నాయి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో కొలిచే చోట్లలో నాలుగో వంతుకు మించవు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "చాలా చోట్ల" అంటే సగం దాటి ముప్పాతిక దాకా. రంగులూ అంతే. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగమని. ఇక చలిగాలులు అనే మాటను ఊరికే వాడరు. మన వంటి మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు గాని అంతకన్నా కిందికి గాని దిగి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితే ఆ మాట అంటారు.

కాబట్టి సూచన విన్నప్పుడు ఇంట్లో నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరు చెప్పారు, ఏ రోజున చెప్పారు? మన మండలానికా, మొత్తం రాష్ట్రానికా? సిద్ధపడితే నాకయ్యే ఖర్చెంత? సిద్ధపడకుండా అది నిజమైతే నాకు పోయేదెంత? పది రోజుల తరువాతి సంగతి అయితే తొందరపడవద్దు, మళ్లీ వినండి. రెండు రోజుల్లో వచ్చేదైతే నిర్లక్ష్యం చేయవద్దు. రైతుల కోసం 2019లో వచ్చిన మేఘదూత్ అనే యాప్‌లో జిల్లాల వారీగా పంట సలహాలుంటాయి. చదవడం రాని పెద్దలకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి. మంచు పడుతుందని, ప్రళయం వస్తుందని ఎవరో పంపినది మాత్రం మీరు ఇంకొకరికి పంపవద్దు.

చలి సంగతి కనుక ఇంకో మాట. తలుపులు, కిటికీలు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. దానినుంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కేరల్స్‌కు తిరిగేవారు తెల్లవారుజామున మేడ్చల్ హైవే మీద గాని, కరీంనగర్ రోడ్డు మీద గాని పొగమంచు కమ్మితే బండి పక్కకు ఆపి కాసేపు ఆగండి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఇలాంటి వాదమే ఉంది. చలికాలం ముంచుకొస్తోంది. మంచిరేవుల్లో ఆగడమా, ఇంకా ముందుకు పోవడమా? పౌలు ఆగమన్నాడు. ఓడ నడిపేవాడు, ఓడ యజమాని పోదామన్నారు. శతాధిపతి వారి మాటే నమ్మాడు. ఆ మీదట దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి, అనుకున్నట్టే అయిందని అందరూ సంతోషించారు. కాసేపటికే పెనుగాలి విరుచుకుపడింది. ఓడ పోయింది, గోధుమలు సముద్రం పాలయ్యాయి. 276 మంది ప్రాణాలు దక్కడం దేవుని కృప. ఆ మెల్లని గాలి లాంటిదే ఆనాడు మా షెడ్డు మీది మబ్బు. మనకు ఇష్టమైన గుర్తు కనబడగానే ఇక భయం లేదనుకుంటాం.

ఇంతకీ ఆ అవ్వకు ఏం చెప్పారంటారా? శామీర్‌పేట అబ్బాయి కాస్త ఆలోచించి, "అవ్వా, చలి దిగుతదో లేదో మా ఇద్దరికీ తెల్వదు. గానీ ఇంట్ల కట్టుకుంటే నీకు పోయేది ఏం లేదు గద, లోపలనే కట్టుకో" అన్నాడు. మేడ్చల్ అబ్బాయి కూడా తలూపాడు. ఆ ఉదయం వారిద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్కదానికే.

"గా మాట ముందుగాల చెప్తే అయిపోవు గద బిడ్డా" అంటూ అవ్వ కర్ర పట్టుకుని ఇంటిదారి పట్టింది.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. అందాకా మీ ఇంట్లో చిరిగిన పరదాలేమైనా ఉంటే ఈ సాయంత్రమే కుట్టుకోండి.