టికెట్టుకు ముందే అడుగుదాం

చికాగోలో తుపాకీ హింసకు వ్యతిరేకంగా పనిచేసిన నల్లజాతి యువతి కీనా కాలిన్స్, 2020లో తమ డెమోక్రటిక్ పార్టీకే చెందిన కాంగ్రెస్ సభ్యుడు డానీ డేవిస్‌పై ప్రాథమిక ఎన్నికలో పోటీకి నిలిచారు. ఆయన 1997 నుంచి ఆ పదవిలో ఉన్న నల్లజాతి పెద్ద. ఆమెకు తొలిసారి సుమారు 14 శాతం ఓట్లు రాగా, 2022లో 46 శాతానికి చేరువయ్యాయి. ఆమె గెలవలేదు. అయినా పెద్దల సేవను గౌరవిస్తూనే, మా బిడ్డల ప్రాణాలకు రక్షణ ఏదని నిలదీయవచ్చునని చూపారు.

అక్కడ అభ్యర్థిని ఓటర్లే ఎన్నుకుంటారు. మన పార్టీలలో అధిష్ఠానం నిర్ణయిస్తుంది. మనవారన్న అభిమానంతో ఓటు వేసి, అయిదేళ్లు మౌనం వహిస్తున్నాము. ఇకనైనా టికెట్టు ఆశించేవారిని బస్తీ సభలకు పిలిచి, వక్ఫ్ భూముల గురించి, ఉర్దూ బడుల గురించి ముందే సమాధానం కోరుదాం.