పనివాని కల్పనయు పేటెంటు చట్టమును

మన దేశమున మొట్టమొదట సర్కారువారి యొద్ద ప్రత్యేకాధికారము నర్థించిన యంత్రమేదో పాఠకులలో పెక్కుమంది యెరుగకపోవచ్చును. అది ఫిరంగి కాదు, పొగబండి కాదు. పంకా లాగు యంత్రము. 1856వ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున కంపెనీ ప్రభుత్వమువారు నూతన కల్పనలను గూర్చి యారవ ఆక్టును చేసిరి. మార్చి 3వ తేదీననే కలకత్తాలో సివిల్ ఇంజనీరుగా నుండిన జార్జి ఆల్ఫ్రెడ్ డి పెన్నింగు అను దొర తన పంకా యంత్రమునకై అర్జీ దాఖలు చేసెను. ఆ దినములలో కచ్చేరీలందును బంగళాలందును వసారాలో గూర్చుండి పంకాత్రాడు లాగుచుండినవాడు మనవాడు. ఆ త్రాటి బరువెంతయో, గిలక యెచ్చట బిగించిన శ్రమ తగ్గునో, యే పట్టున త్రాడరుగునో వానికంటె నెక్కువగా నెరిగినవా డెవ్వడు? అయినను అర్జీ వ్రాసినది త్రాడు లాగిన చేయి కాదు, కలము పట్టిన చేయి.

డి పెన్నింగు గారిని దూషించుట మా యుద్దేశము గాదు. ఆయన శ్రమించి పటములు గీచి, వివరణ వ్రాసి, చట్టము కోరినదెల్ల సమర్పించెను. ఆ చట్టమే పాపము ముందుగా రాణిగారి యనుమతి లేక చేయబడినదని 1857లో రద్దయినది! మరల 1859లో పదునైదవ ఆక్టుగా పునర్జన్మ మెత్తినది. వకీళ్లకు నవ్వు పుట్టించు కథలలో నిదియొకటి. మేము చెప్పదలచినది వేరు. నాటి పంకా మొదలు నేటి మామిడి చిక్కము వరకును ఈ శాసనము వస్తువును చేయువానిని గాక, చేసినదానిని వ్రాయగలవానిని చూచుచున్నది. ఏ భాషలో వ్రాయవలెనన్న ప్రశ్నకు నూటడెబ్బది యేండ్లకు సమీపించుచున్నను మార్పు స్వల్పము.

పేటెంటనగా నేమో మొదట తెలిసికొందము. అది బహుమానము గాదు, బిరుదు గాదు; బేరము. కల్పకుడు తన రహస్యమును దాచుకొనక లోకమునకు వెల్లడించును. అందులకు మారుగా కొన్నియేండ్లు దానిని చేయుటకును అమ్ముటకును అన్యులకు హక్కు లేకుండ ప్రభుత్వము వానిని కాపాడును. 1911వ సంవత్సరపు చట్టమున ఆ గడువు 14 ఏండ్లు. 1930లో 16 చేసిరి. నేడు దరఖాస్తు దినము లగాయతు 20. గడువు తీరిన పిమ్మట ఆ కల్పన అందరి సొత్తు. ఈ బేరమునకు ప్రాణమువంటి భాగ మొకటి గలదు. భూమి కొనునపుడు దస్తావేజులో తూర్పున ఫలానావారి చేను, పడమర డొంక, ఉత్తరము కాలువ అని చెక్కుబంది వ్రాయుదుము గదా. పేటెంటులోను అట్లే, నా కల్పన ఇంతవరకు నాది, ఇంతకుమించి నాది గాదు అని హద్దులు నిర్ణయించి వ్రాయవలెను. హద్దు ఇరుకైనచో పొరుగువాడు ప్రక్కనుండి దూరును. మితిమీరి విశాలమైనచో పాతవారి హద్దుమీద పడి దరఖాస్తే చెడును. ఇంకొక నియమము గలదు. వస్తువు క్రొత్తది కావలెను. దరఖాస్తునకు ముందే సంతలో బహిరంగముగా అమ్మినచో, చేసినవాడే యమ్మినను సాధారణముగా అది పాతదే. ఈ యొక్క నియమము మన పనివారిని ముంచినంతగా మరియేదియు ముంచలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో చిన్నచిన్న నిత్యోపయోగ వస్తువులకు పేటెంట్లు తామరతంపరగా వచ్చినవి. మన విజయవాడ రోడ్డుమీద పోవు ప్రతి బస్సునకును ముందద్దముపై వాన తుడుచు పుల్ల యొకటి యుండును. 1903 నవంబరులో మేరీ ఆండర్సన్ అను నామె దానివంటి పరికరమునకు పేటెంటు పొందినది: లోపల నొక మీట, వెలుపల రబ్బరు పట్టీ. కొనుమని యొక వ్యాపార సంఘమువారికి వ్రాయగా, దీనివలన లాభము లేదని వారు త్రిప్పిపంపిరి. గడువు తీరిపోయినది, ఆమెకు కాసు రాలలేదు, తరువాత లోకమంతయు నా పుల్లను బిగించుకొన్నది. మరుసటి యేడు 1904లో జిల్లెటుగారి క్షౌరపు బ్లేడునకు పేటెంటు వచ్చినది, ఆయన కోటీశ్వరుడైనాడు. 1917లో సండ్‌బాక్ గారి జిప్పు. కనుక పేటెంటున్నంత మాత్రమున ధనము రాదు. లేకున్న అడుగుటకే అధికారము లేదు.

కుట్టుమిషను మాట చెప్పక విడువజాలము. మన బజారులో దర్జీల యరుగులపై దానిని చూడనివారు లేరు. సింగరుగారు భార్య కష్టము చూచి ప్రేమతో దానిని కల్పించినారని 1924లో మహాత్ముడు మెచ్చుకొని, యంత్రములలో దానికొక మినహాయింపు నొసగినారు. సింగరుగారి సంసార చరిత్ర చదివినవారు చిరునవ్వు నవ్వుకొందురు గాక. వకీళ్లము గనుక మేము చూచునది దావా కాగితములు. 1846లోనే ఎలియాస్ హౌ పేటెంటు పొందియుండెను. 1851లో సింగరు తన పేటెంటు పొందెను. హౌ వ్యాజ్యమాడి గెలిచి, సింగరుచేత రుసుము చెల్లింపించుకొనెను. తుదకు 1856లో పెద్ద కంపెనీలన్నియు తమ పేటెంట్లను ఒక కుప్పగా జేర్చి, బయటివారినుండి సొమ్ము వసూలు చేయసాగినవి. చిన్నవానికి డాలుగా నిచ్చిన చట్టము పెద్దవాని చేతిలో గోడ యగుట యిట్లు.

ఇక మన దేశము సంగతి. 1910లో కోపల్లె హనుమంతరావు పంతులుగారును మిత్రులును బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తకమును పనిముట్టును ఒకే విద్యార్థి చేతికిచ్చుట వారి సంకల్పము. మరుసటి యేడే పేటెంట్ల, డిజైన్ల చట్టము వచ్చినది, కంట్రోలరను అధికారి యేర్పడినాడు, కచ్చేరి కలకత్తాలో. తిరువూరు కంసాలి గాని, కమ్మరి గాని తన కల్పనకు హక్కు కోరవలెనన్న కలకత్తా పోవలెను, ఆంగ్లమున వ్రాయింపవలెను, పటములు గీయింపవలెను, రుసుములు కట్టవలెను. అందువలననే ఆనాటి మన కొలిమి పనివారి కల్పనలకు పేరు లేదు, ఊరు లేదు. నాగలి కఱ్ఱులో నొక మార్పు, గానుగలో నొక మార్పు, మోటలో నొక మార్పు ఎవరో చేసినారు. చేసినవాని పేరు మాత్రము చచ్చినది.

చదువుకొన్నవారి సంగతి వేరు. జగదీశ చంద్ర వసువు మహాశయుడు విద్యుత్తరంగములను పట్టు సాధనమునకు 1901లో దరఖాస్తు చేయగా 1904 మార్చిలో అమెరికా పేటెంటు లభించినది. అదియు ఆయన యిష్టమున జరిగినది గాదు. విజ్ఞానమును అమ్ముకొనుట తగదని ఆయన మతము. సారా బుల్ అను మిత్రురాలి పట్టుదలవలన ఆ కాగితము పుట్టినది. వసువుగారి త్యాగమునకు మేము నమస్కరింతుము. అయితే తన హక్కు నెరిగి వదలుకొనుట త్యాగము. హక్కున్నదనియే తెలియక పోగొట్టుకొనుట నష్టము. ఈ రెంటిని కలిపి, మన పనివారు నిస్వార్థులని ప్రశంసించువారిని చూచినపుడు మాకు కోపము వచ్చును.

ఈ చిక్కునకు జాతీయోద్యమము ఒక మార్గము చూపినది. 1929లో అఖిల భారత చరఖా సంఘమువారు మేలైన రాట్నమును కల్పించినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించిరి. నిబంధనలు చూడుడు. వెల 150 రూపాయలు మించరాదు. పల్లెయింటిలో స్త్రీ కాలితోనో చేతితోనో అతిశ్రమ లేక 8 గంటలు నడపగలుగవలెను. ఆ కాలములో 12 మొదలు 20 నంబర్ల నూలు 16,000 అడుగులు రావలెను. యంత్రము 20 ఏండ్లు మన్నవలెను. పేటెంటు పొందుటకు కల్పకునికి స్వేచ్ఛ గలదు. బహుమానము కావలెనన్న మాత్రము ఆ హక్కును సంఘమునకు బదలాయింపవలెను. ఎంత చక్కని యేర్పాటు! పనివానికి శ్రమఫలము, ప్రజలకు యంత్రము, మధ్య నే షావుకారును లేడు. 1930 అక్టోబరుతో గడువు ముగిసెను. లక్ష రూపాయలు ఎవరికిని దక్కలేదు. రెండు దశాబ్దులకు పైని అరవదేశపు ఏకాంబరనాథుడు చేసిన రాట్నము, ఆయన పేరున అంబర చరఖాగా ఖద్దరు కేంద్రములకు వచ్చినది. బహుమానము విఫలమైనను ఆ నిబంధనలలోని న్యాయబుద్ధి విఫలము గాలేదని మా నమ్మకము.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959లో రాజగోపాల అయ్యంగారు నివేదిక నొసగి, మన దేశపు పేటెంట్లలో అత్యధికభాగము విదేశీయులవనియు, వానిలో పెక్కింటిని ఇచ్చట ఆచరణలో పెట్టుటయే లేదనియు చూపిరి. దానిననుసరించి 1970లో క్రొత్త చట్టము చేయబడి 1972లో అమలైనది. మందుల విషయమున ఆ చట్టము చేసిన మేలు వేరొకమారు వ్రాయుదుము.

మన తెలుగువారిలో ఒక పేరు ప్రతి పఠనమందిరమున వినబడవలెను. ఆలేరు ప్రాంతమున శారాజిపేట నేతకారుడు చింతకింది మల్లేశము గారు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయుట యన అర్ధచంద్రాకృతిగా నాటిన మేకులచుట్టు దారమును చేతితో త్రిప్పుట. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి పోయి రావలెను. తల్లి లక్ష్మమ్మగారి భుజము పడు బాధ చూడలేక, బడి చదువు మధ్యలోనే మానిన ఆ యువకుడు ఏండ్లతరబడి అప్పులు చేసి, అపహాస్యములు సహించి 1999లో యంత్రమును ముగించినాడు. దానికి తల్లి పేరే పెట్టినాడు. గంటల పని గంటన్నరలో ముగిసినది. 2011లో పేటెంటు వచ్చినది, 2017లో పద్మశ్రీ. సింగరుగారి విషయమున మహాత్ముడు మెచ్చిన కథ నిజముగా జరిగినది ఆలేరులో.

అయితే మల్లేశము గారికి జాతీయ నవకల్పనా సంస్థ యండ దొరికినది. దొరకనివాని గతి యేమి? మా కండ్లయెదుట జరిగినది చెప్పెదము. మన తిరువూరులో లేతు పని చేయు పెద్దమనిషి యొకరు మామిడికాయలు కోయు చిక్కమునకు మీటతో నడచు చిన్న కత్తి నమర్చినారు. కాయ తొడిమతో తెగును, సొన కారదు, కాయ నల్లబడదు. రెండు కాపులు తోటలవారికి అమ్మినారు. మూడవ యేట అచ్చముగా అదే పరికరము, రంగు వేసి, పొరుగూరి వర్తకు డొకడు తెచ్చి తక్కువ వెలకు అమ్మెను. అపుడు మాయొద్దకు వచ్చి, “ప్లీడరుగారూ, ఇది నాదని రాయించుకునే కాయితం ఏదైనా ఉందా?” యని యడిగిరి. “ఉండేది బాబాయి, రెండేళ్ల కిందట వచ్చుంటే” యని చెప్పుటకు మా నోరు రాలేదు, అయినను చెప్పవలసివచ్చినది. కత్తి గల చిక్కములు ఇతరత్ర ముందే యున్నవి గనుక, వేళకు వచ్చినను ఆ మీట మాత్రమే ఆయన హద్దులోనికి వచ్చియుండును. ఆ మీటయే గదా వర్తకుడు దొంగిలించినది!

పాఠకులు గమనింపవలసిన దేమనగా, నేడు దరఖాస్తు రుసుము దుర్భరము గాదు. సామాన్య వ్యక్తికి కంప్యూటరు ద్వారా 1,600 రూపాయలు. పరీక్షకై మరి 4,000. సంపూర్ణ వివరణ సిద్ధముగా లేకున్న తాత్కాలిక వివరణ దాఖలు చేసి, 12 నెలలలో పూర్తి చేయవచ్చును. ఆంధ్ర తెలంగాణములకు కచ్చేరి చెన్నపురిలో నున్నది, ఇంటనుండియే పంపవచ్చును. కలకత్తా ప్రయాణము తప్పినది. తప్పనిది భాష. నిబంధనల ప్రకారము కాగితములు హిందీలోనో ఆంగ్లములోనో యుండవలెను. ఒక సెంటు స్థలమును తెలుగున దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయింపవచ్చును. క్రింది న్యాయస్థానమున తెలుగులో దావా వేయవచ్చును. తన బుద్ధిలో పుట్టిన మీటకు మాత్రము తెలుగువాడు తెలుగున హద్దులు వ్రాసికొనరాదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో తెలుగు ఉన్నదన్న గర్వము ఈ కచ్చేరి గడపవద్ద ఎందుకు పనికివచ్చుచున్నది?

తెలుగు దరఖాస్తును స్వీకరించి, తర్జుమా భారమును కచ్చేరియే వహింపవలెనని మేము కోరుచున్నాము. పరదేశముల పరీక్షకులు చదువవలెను గదా యని యాక్షేపించువారు గలరు, తర్జుమా చదివింపుడు. దాఖలైన తేదీ మాత్రము తెలుగు కాగితముదే కావలెను, హక్కు తేదీతో పుట్టును గనుక. మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును ఈ నిబంధనను సవరింపుమని అడుగుటకు ఖర్చు లేదు. అంతవరకు పఠనమందిరముల వారు వారమున కొక సాయంకాలము పనివారికి కేటాయించి, సంతకు పోకముందు దరఖాస్తు పెట్టుడని చెప్పగలిగిన చాలును.

ఆ పెద్దమనిషి ఈ యేడు మరియొక పరికరము చేసినారు. అదేమో చెప్పము, చెప్పిన క్రొత్తదనము చెడును. ఈమారు అమ్మకముందే వచ్చినారు. మేము పేటెంటు ఏజెంటులము గాము గనుక దరఖాస్తు ఆయన పేరనే, ఆయన సంతకముతోనే పోయినది. మూడు సాయంకాలములు ఆయన తెలుగున చెప్పగా మేము ఆంగ్లమున వ్రాసితిమి. ఒక కీలునకు ఆయన కొలిమిలో వాడు పేరు మాకు దొరకలేదు. వేరేదో వ్రాసి హద్దు ముగించితిమి. “అది సరిగ్గా రాసినట్టేనా బాబూ?” యని రెండు మారులు అడిగి, చదువలేని ఆ కాగితముపై తెలుగున సంతకము చేసి వెడలిపోయిరి.