త్రాటి నెఱుగక చెట్టెక్కరాదు

గత వేసవి సెలవులలో మేమెఱిగిన యొక బాలుడు పాత చేంతాడొకటి చింతకొమ్మకు వైచి, దాని నాధారముగా గొని పైకెక్కబోయి, త్రాడు తెగుటచే క్రిందబడి చేయి విఱుగగొట్టుకొనెను. దైవకృపచే ప్రాణాపాయము తప్పినది. నాటినుండి ఆ వీథిలోని తలిదండ్రులు తమ బిడ్డలు చెట్ల చెంతకే పోరాదని శాసించిరి. వారి భయము సహజమే. కాని ఆ తీర్పు సరియైనది కాదని మా యభిప్రాయము. తెగిన త్రాటిని మేము చేతబట్టి చూచితిమి. పైకి గట్టిగానే యుండెను. పేటలు విప్పి చూడగా లోని కొబ్బరిపీచు నల్లబడి వ్రేళ్ల నడుమ పొడియైపోయెను. త్రాటి నట్లు విప్పి చూడవలయునని ఆ బాలునకు నేర్పినవారు లేరు. నేర్పనివారిలో ఉపాధ్యాయులమైన మేమును గలము.

చెట్టెక్కుట కోతిచేష్ట యని కొందఱందురు. పెద్దమనుష్యుడైన జక్కయ్య మేడిచెట్టు నెక్కుటకు సిగ్గుపడలేదు. అమెరికాలోని అట్లాంటా నగరమున 1983లో పీటర్ జెంకిన్సు అను నతడు వినోదార్థము చెట్లెక్కువారి సంఘమును స్థాపించి, త్రాడును నడుముపట్టెయు ధరించి యెక్కు పద్ధతిని సామాన్యులకు నేర్ప నారంభించెను. మన దేశమున గీత కార్మికులు పొట్టకూటికై మోకు నమ్ముకొని తాళ్లెక్కుదురు. కల్లును గూర్చి మా యభిప్రాయ మెట్లున్నను, వారి ప్రాణముల విలువ తక్కువది కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము అను పేర వారికి భద్రతా సాధనము లిచ్చుటకు బూనుకొనినది. పని కెక్కువారికే రక్షణ కావలసియుండగా, ఆట కెక్కువారికి వలదా?

మొదటిది ఎంపిక. నూతి చేంతాడు, పశువుల పలుపు, లారీపై సరుకు గట్టు త్రాడు మనుష్యుని వ్రేలాడదీయుటకై చేసినవి కావు. చెట్టెక్కుటకై నైలాను, పాలియెస్టరు నూళ్లతో నల్లిన ప్రత్యేకమైన త్రాళ్లు గలవు. అమెరికాలో చెట్లపని చేయువారి నియమము ననుసరించి, అట్టి త్రాడు సామాన్యముగా అర అంగుళము లావు గలిగి, 5,400 పౌనుల, అనగా సుమారు 2,450 కిలోల భారమునకైనను తెగనిదై యుండవలయును. నలువది కిలోల పిల్లవానికి ఇంత బలమేల యని యడుగవచ్చును. ముడి వేసినచోట త్రాటి బలము తగ్గును. బెరడు రాపిడికి కొంత, ఎండకు కొంత పోవును. ఆకస్మికముగ కుదుపు తగిలినప్పుడు భారము పెక్కింతలగును. కొండలెక్కువారి త్రాడు కుదుపు నోర్చుటకై సాగును. త్రాటిమీదనే పైకి పోవలసిన మనకు అంతగా సాగనిదే తగును. అంగడిలో మెఱయు చవుక ప్లాస్టిక్ త్రాడు పనికిరాదు. పాలీప్రొపిలీను సుమారు 165 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. పాలియెస్టరు 250 డిగ్రీల ప్రాంతమున గాని కరగదు. ముడి వేగముగ జారునప్పుడు రాపిడివలన వేడి పుట్టునని మఱువరాదు.

త్రాడెంత మంచిదైనను కొమ్మయు మంచిది కావలయును. మునగచెట్టు నెక్కించుట యను నానుడి ఊరక పుట్టలేదు. ఆ కొమ్మ పెళుసు.

రెండవది శుభ్రత. త్రాటిలోనికి దూరిన యిసుకరేణువు, బరువు పడినప్పుడెల్ల చిన్న కత్తివలె నూలును కోయును. కావున త్రాటిని నేలపై త్రొక్కరాదు. మాసినప్పుడు చల్లని నీటిలో మెత్తని సబ్బు కొలదిగా కలిపి ఉతికి, పలుమాఱు జాడించి, నీడలో ఆరవేయవలయును. బండపై బాదుట, ఉడుకునీరు, బ్లీచింగు పొడి, తీవ్రమైన యెండ బట్టలకు చెల్లునేమో గాని త్రాటికి చెల్లవు. మోటారు బ్యాటరీ యందలి ఆమ్లము సోకినచో నైలాను పైకి మార్పు గనుపింపకయే బలము కోల్పోవచ్చును. ఆరిన పిమ్మట ఈ కొననుండి ఆ కొనవఱకు జానెడు జానెడుగా వ్రేళ్లతో తడిమి చూడవలయును. ఎచ్చటనైన మెత్తబడినను, బిఱుసెక్కినను, సన్నగిల్లినను ఆ త్రాటిని విడిచి, మఱియొకడు వాడకుండ ముక్కలుగా కోయవలయును.

మూడవది ముడి. నడుముపట్టెకు గట్టుటకు 8 అంకె యాకారపు ముడి మంచిది. దాని వరుసలు మెలిపడక ప్రక్కప్రక్కన నుండవలయును, కొన పొడవుగా మిగులవలయును. 1931లో ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ప్రూసిక్ ప్రకటించిన ముడిని సన్నని త్రాటితో పెద్ద త్రాటికి చుట్టుదురు. బరువు పడినప్పుడు అది బిగిసి నిలుచును. బరువు తీసినప్పుడు చేతితో జరుపవచ్చును. ఐనను భయపడి ఆ ముడినే పిడికిట బట్టుకొన్నచో అది బిగియక జారవచ్చును. కావున ప్రతి ముడిని నేలకు మూరెడెత్తుననే పరీక్షింపవలయును. కట్టినవారు కాక వేఱొకరును చూడవలయును. ఇది చదివినంతనే వచ్చు విద్య గాదు. తెలిసినవారి చెంత చేతితో నేర్వవలసినది.

యిర్మీయా ప్రవక్తను బురదగోతినుండి పైకి దీసిన ఎబెద్మెలెకు, త్రాళ్లతోపాటు పాతబట్టలనుగూడ దింపి, చంకల క్రింద నుంచుకొనుమని చెప్పెను. పైకి లాగుటతో తన పని తీరునని యతడు తలపలేదు. త్రాడు ఒరయు దేహమును గూర్చి చింతించెను. పెద్దల కుండవలసిన చింత యిదియే. శిక్షణ పొందిన వానిని రప్పించి బాలురకును బాలికలకును ఈ విద్య నేర్పింపవలయును. త్రాళ్లను బీరువాలో నుంచి, ప్రతిదానికి నొక పుస్తకము పెట్టి, కొన్న దినము, ఉతికిన దినము, పరీక్షించినవారి పేరు వ్రాయవలయును. త్రాటిని పరీక్షింప రానివారిని ఎక్కనీయరాదు. తలిదండ్రులు వలదనుటకు ముందు “నీ త్రాడు చూపుము” అని యడుగుదురు గాక.

ఆ బాలుని చేయి అతికినది. కట్టు విప్పిన నాడతడు మా యొద్దకు వచ్చి, “మేష్టరుగారూ, మంచి త్రాటి నెట్లు గుర్తింపవలెనండీ?” అని యడిగెను. ఆతనికి నాడు చెప్పిన ప్రత్యుత్తరమునే నేడిచ్చట వ్రాసితిమి.