వటువు చేతిలో భిక్షాపాత్ర – చుట్టాల చేతిలో ప్లాస్టిక్ బుట్ట

(తృతీయ బి.యస్సి. విద్యార్థి, రసాయన శాస్త్రం)

యీ మధ్య ఏ శుభకార్యానికి వెళ్ళివచ్చినా యింట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "భోజనాలు ఎలా వున్నాయి?" అని కాదు. "ఏమిచ్చారు?" అని. పెళ్ళిళ్ళకు పట్టింది, గృహప్రవేశాలకు పట్టింది, ఓణీల ఫంక్షన్లకు పట్టింది, ఆ జబ్బు యిప్పుడు ఒడుగుకు కూడా పట్టుకుంది. లోపల పిల్లవాడికి గాయత్రి ఉపదేశం జరుగుతూ వుంటే, పందిట్లో సగంమంది చూపు గుమ్మం పక్కన పేర్చిన బుట్టలమీదే వుంటుంది. దీనికి "రిటర్న్ గిఫ్ట్" అని పేరు. తెలుగులో దీనికి సరయిన మాట లేదు. లేకపోవటానికి కారణం వుందని నా ఉద్దేశం.

మనకు వున్నది తాంబూలం. రెండు తమలపాకులు, వక్కలు, అరటిపండో కొబ్బరికాయో, పసుపు కుంకుమ, ముత్తయిదువలకు ఒక రవిక గుడ్డ. తాంబూలం దేనికీ బదులు కాదు. చదివింపులు చదివించినవారికీ, చేతులూపుకుంటూ వచ్చినవారికీ ఒకటే తాంబూలం. "రిటర్న్" అన్న మాటలోనే లెక్క వుంది. నువ్వు అయిదు వందలు చదివించావు గనక నీకు వంద రూపాయల గిన్నె అన్నట్టు! మర్యాదకూ బేరానికీ వున్న తేడా యిదే.

"నీకెందుకోయ్ ఒడుగుల సంగతి? మీది జంధ్యం లేని యిల్లు కదా?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. నిజమే. మేము వ్యవసాయం చేసుకునేవాళ్ళం. అయితే వొడుగు బ్రాహ్మణుల యిళ్ళలోనే కాదు. వైశ్య, క్షత్రియ, విశ్వబ్రాహ్మణ, పద్మశాలి, దేవాంగ కుటుంబాలలో కూడా జంధ్యం వేసుకునేవారున్నారు. అదీగాక పల్లెటూళ్ళో పంతులుగారింట్లో శుభకార్యమంటే అది వూరందరి కార్యం. మా తాతగారి రోజుల్లో కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు వడ్రంగికీ, చాకలికీ, మంగలికీ మేర కొలిచినట్టే పురోహితుడికీ కొలిచి గాని బస్తాలు యింటికి తోలేవారు కాదట. యిప్పుడు కోతమిషను చేలోకి దిగితే ధాన్యం చేలోనించి చేలోనించే లారీ ఎక్కుతున్నది. కళ్ళమే లేదు, యింక మేర ఎక్కడిది? పంతులుగారు యిప్పుడు మూడు వూళ్ళు మోటారు సైకిలు మీద తిరిగితే గాని యిల్లు గడవదు.

ఆయన పెద్దబ్బాయీ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. వాడి తమ్ముడికి మొన్న మాఘంలో ఒడుగు చేశారు. బుట్టలో గిన్నెలో కొనటానికి వాడితో తోడుగా నేను విజయవాడ వన్ టౌన్‌కి వెళ్ళాను. కొట్టులో గుమాస్తా "ఏం కావాలండీ?" అని అడగలేదు. "ఎంత రేంజిలో చూపించమంటారు? యాభయ్యా, వందా, రెండొందలా?" అని అడిగాడు. వస్తువు సంగతి తర్వాత, ముందు వెల తేలాలి. గాజు గిన్నెలు, దేవుడి బొమ్మ గడియారాలు, జనపనార సంచులు, ప్లాస్టిక్ పూలబుట్టలు, జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు – మూడంతస్తుల మేడ నిండా యివే. ఏ ఒక్కటీ ఒడుగుకు సంబంధించింది కాదు. పేరు మార్చి చెక్కిస్తే పుట్టినరోజుకూ సరిపోతుంది, షష్టిపూర్తికీ సరిపోతుంది.

పంతులుగారు మొదటినించీ "వద్దురా అబ్బాయ్, తాంబూలం చాలు" అంటూనే వున్నారు. అమ్మగారి భయం వేరు. "మా మరిదిగారింట్లో భరిణెలిచ్చారు నాయనా, మనం ఏమీ యివ్వకపోతే నలుగురిలో తలెత్తుకోలేం" అన్నారావిడ. ఆవిడను తప్పు పట్టలేను. నలుగురి నోళ్ళకు జడిసేది ఎప్పుడూ ఆడవాళ్ళే, ఆ నోళ్ళు మాత్రం మనందరివీ. చివరికి మూడు వందల స్టీలు డబ్బాలు, ఒక్కొక్కటి వంద రూపాయలు. ముప్పయి వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. అంటే నెలకు ఆరు వందలు ఒక్క డబ్బాల మీదే. ఒడుగులూ పెళ్ళిళ్ళూ ఎక్కువగా మాఘం నించి జ్యేష్ఠం దాకా. ఆషాఢం వస్తే పురోహితుడికి పని లేదు, మూఢం వస్తే పని లేదు. వడ్డీకి మాత్రం మూఢమూ లేదు, శూన్యమాసమూ లేదు. నా మిత్రుడు యిప్పుడు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఆ వడ్డీ కడుతున్నాడు.

అసలు ఒడుగులో జరిగేదేమిటో ఒక్కసారి చూడండి. బ్రాహ్మణ వటువుకు గర్భంతో కలిపి ఎనిమిదో ఏడు, క్షత్రియుడికి పదకొండు, వైశ్యుడికి పన్నెండు అని పెద్దలు పెట్టిన లెక్క. (యిప్పుడు చాలాచోట్ల పెళ్ళికి ముందురోజు కానిస్తున్నారు. అది వేరే వ్యాసం.) పిల్లవాడికి గడ్డితో పేనిన మొలతాడు కట్టి, చేతికి మోదుగ కర్ర యిచ్చి, మొట్టమొదట కన్నతల్లి దగ్గరే బిచ్చం అడిగిస్తారు. ఆమె బియ్యం వేస్తుంది. తర్వాత అమ్మమ్మలు, అత్తలు, పిన్నులు వేస్తారు. వచ్చిందంతా వాడు తన దగ్గర వుంచుకోడు, గురువుకు అప్పగిస్తాడు. నాకు తెలిసినంతలో మన శుభకార్యాలన్నిటిలోనూ యింటి పిల్లవాడు చెయ్యి చాచి అడిగే కార్యం యిదొక్కటే. రేపు చదువుకునేవాడికి అన్నం పెట్టేది వూరు. ఆ వూరి ముందు వాడు తల వంచటం నేర్చుకోవాలని యీ తంతు. అటువంటి రోజున ఒక చేత్తో గుప్పెడు బియ్యం వేసి రెండో చేత్తో బుట్ట పట్టుకుపోవటం ఎలా వుంటుందో పాఠకులే ఆలోచించాలి.

రసాయన శాస్త్రం చదివేవాణ్ణి గనక ఆ వస్తువుల సంగతి కూడా రెండు ముక్కలు చెప్పి తీరాలి. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా వుండదు. సుమారు అరవై పాళ్ళు రాగి, మిగిలింది నికెల్, జింకు. నికెల్ కొందరి వంటికి పడక దద్దుర్లు వస్తాయి. మా పల్లెల్లో "సిల్వరు గిన్నె" అంటే అల్యూమినియం గిన్నె. అంటే వెండి పేరు పెట్టుకున్న వస్తువులు రెండున్నాయి, రెండింటిలోనూ వెండి లేదు! యిత్తడి చిన్న గిన్నెలిచ్చే వారూ వున్నారు. యిత్తడిలో పులిహోరో పెరుగో పెట్టాలంటే లోపల తగరం కళాయి వుండాలి, లేకపోతే పులుపుకు రాగి కరిగి చిలుమెక్కుతుంది. కళాయి వేసేవాడు మా వూరికి వచ్చి ఎన్నేళ్ళయిందో మా నాయనమ్మకే జ్ఞాపకం లేదు. యింక ఆ గిన్నె దేనికి? స్టీలు మంచిదే. అందులో క్రోమియం పైన పలచని పొరలా యేర్పడి తుప్పు పట్టనివ్వదు. స్టీలుతో చిక్కల్లా అది చావదు. మా అటక మీద ఒక డబ్బా వుంది. దాని మీద ఎవరో ముక్కూమొహం తెలియని దంపతుల పేర్లూ, పెళ్ళి తేదీ చెక్కి వున్నాయి. అది మాకు వచ్చింది వేరే వారి గృహప్రవేశంలో. యిట్లా ఎన్ని యిళ్ళు తిరిగిందో! జాకెట్టు ముక్కల ప్రదక్షిణాలు సరేసరి. కుట్టించుకుందామంటే చాలదు, పారేద్దామంటే మనసొప్పదు.

ప్లాస్టిక్ మాట రైతు కొడుకుగా చెబుతాను. 2022 జూలై 1 నించి దేశంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ఆఖరికి శుభలేఖలకు చుట్టే పలచని కాగితంలాంటి ప్లాస్టిక్ కూడా నిషేధించారు. అదే ఏడు డిసెంబరు 31 నించి 120 మైక్రాన్లకన్న పలచని కవర్లు కూడా పనికిరావన్నారు. చట్టం చట్టంలాగే వుంది, కవర్లు కవర్లలాగే వున్నాయి. ఎండాకాలం ముహూర్తాలు ముగుస్తాయి. తర్వాత పంటకాలువకు నీళ్ళు వదిలితే, పై వూళ్ళ కల్యాణమండపాల సంపదంతా కొట్టుకొచ్చి మా చేలో తూము దగ్గర ఆగుతుంది. మోకాలి లోతు నీళ్ళలో దిగి ఆ కవర్లు లాగేది మా నాన్న. ఒకోసారి వాటిమీద "శుభం" అని బంగారు రంగు అక్షరాలు కూడా వుంటాయి.

అయితే ఏమీ యివ్వొద్దంటావా అంటే, అనను. బస్సు ఛార్జీలు పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. యింటికొచ్చిన ఆడపడుచును వట్టిచేతులతో పంపటం మన యింటావంటా లేదు. యివ్వాల్సిందే. ఏది యివ్వాలన్నదే ప్రశ్న.

అనకాపల్లి జిల్లాలో వరాహనది వొడ్డున ఏటికొప్పాక వుంది. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో ఆకులు, బెరళ్ళు, గింజల రంగులు కలిపి కుంకుమ భరిణెలు చేస్తారు. ఆ సహజరంగుల పనికిగాను అక్కడి సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. మంగళగిరి, చీరాల, పొందూరు మగ్గాల మీద తువ్వాళ్ళు నేస్తారు. చేనేత తువ్వాలు పదేళ్ళు వొళ్ళు తుడుస్తుంది, తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది, అటకెక్కదు. మొక్కలు పంచటం కూడా యిప్పుడొక ఫ్యాషను. మంచిదే గాని మూడో అంతస్తు అపార్టుమెంటులో వుండేవాడికి మామిడి మొక్క యిస్తే దాని గతేమిటి?

నా వోటు మాత్రం తిండిగింజలకు. డెల్టాలో వరి కోసిన చేలలో చల్లిన మినుము, పెసర మాఘ ఫాల్గుణాలలోనే చేతికొస్తాయి, అంటే సరిగ్గా ఒడుగుల కాలానికి. 2025–26కు కేంద్రం మినుములకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. అరకిలో అంటే 39 రూపాయలు. వూళ్ళో దర్జీ చేత గుడ్డసంచి కుట్టిస్తే యింకో యిరవై వేసుకోండి. మూడు వందల మందికి కలిపి పద్దెనిమిది వేలు దాటదు. డబ్బాలకయిన ముప్పయి వేలెక్కడ, యిదెక్కడ! అందులోనూ యీ డబ్బు మూడింట రెండు వంతులు రైతుకు, మిగిలింది దర్జీకి చేరుతుంది. గింజలు వారం తిరక్కుండా గారెలవుతాయి. అటక మీద పేరు చెక్కుకుని కూర్చోవు. భిక్షలో బియ్యం వేసినవారికి తాంబూలంలో గింజలు – యీ యిచ్చిపుచ్చుకోవటంలో ఒక పొత్తు వుంది. "మినుములా! నలుగురూ నవ్వరూ?" అంటారు. నవ్వుతారు. మొదటి యింట్లో నవ్వుతారు, మూడో యింటికి అలవాటవుతుంది. స్టీలు డబ్బా కూడా మొదట్లో ఎవరో ఒకరు మొదలుపెట్టిందే కదా.

పనిలో పనిగా మన యూనియన్ పెద్దలకు కూడా ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథికి మనం ఏటా యిచ్చే ఆ అద్దంలాంటి ప్లాస్టిక్ మెమెంటో ఆయన యింట్లో ఏ మూల వుంటుందో ఎవరయినా చూశారా? దాని బదులు ఒక పొందూరు ఖద్దరు కండువా కప్పితే ఫోటోలో కూడా బాగానే పడుతుంది.

మా యింట్లో ఒడుగు లేదు. వచ్చే మాఘంలో అక్కావాళ్ళ గృహప్రవేశం వుంది. అమ్మ మినుములకు ఒప్పుకుంది, రవిక గుడ్డ మాత్రం పెట్టి తీరాలంది. నాన్న చేలో పంట చూసి మాట యిస్తానన్నాడు. బావగారి తరఫువాళ్ళు యింకా స్టీలు బకెట్ల దగ్గరే వున్నారు. మాట్లాడుతున్నాం.