ఇంగ్లీషు రాకపోతే సైన్సు రాదా?

నేటి పోటీ ప్రపంచంలో ఇంగ్లీషు రానిదే ముందుకు పోలేమని పెద్దలు చెబుతుంటారు. అందులో నిజం ఉంది. కానీ మన హాస్టల్ విద్యార్థులు కొందరు దాన్ని మరోలా తీసుకుంటున్నారు. "మాకు ఇంగ్లీషు రాదు, కాబట్టి సైన్సు రాదు" అనుకుని పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ, పాలిటెక్నిక్ మాటే ఎత్తడం లేదు. ఈ భయం పోవాలన్నదే మా అభిప్రాయం.

మిత్రులారా! మన బేతంచెర్ల బండనే తీసుకోండి. పాలిష్ బండ మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి మరక మిగులుతుంది. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం కరిగిస్తుంది. బండ కోసేటప్పుడు నీళ్లు ఎందుకు పోస్తారో ఆ పని చేసే మన తల్లిదండ్రులకు తెలుసు. రాపిడికి పుట్టే వేడి తగ్గాలి, దుమ్ము లేవకూడదు. ఇదంతా సైన్సే. దీనికి ఏ భాషా అడ్డం రాలేదు.

కిరణజన్య సంయోగక్రియ, ద్రవ్యవేగం అన్నవి మనం ఇంట్లో నేర్చిన మాటలా? బడిలో కష్టపడి నేర్చినవే. అవి వచ్చినప్పుడు ఫోటోసింథసిస్, మొమెంటమ్ రావా?

2008లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జపాన్ శాస్త్రవేత్త మస్కావా తన నోబెల్ ఉపన్యాసాన్ని జపనీస్ భాషలోనే ఇచ్చారు. అయితే జపాన్‌లో పై చదువుల పుస్తకాలు వారి భాషలో ఉన్నాయి. మనకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినా, ఇంజనీరింగ్, వైద్య విద్య ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతున్నాయి. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు, అడ్వాన్స్‌డ్‌కు మాత్రం ఇంగ్లీషు, హిందీలే. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం ఏర్పడిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో కూడా బోధన ఇంగ్లీషులోనే. కాబట్టి ఇంగ్లీషును తప్పించుకోలేం. దాన్ని సైన్సుకు గేటుగా కాక, మెట్టుగా చూడాలి.

అసలు చిక్కు పెద్ద పదాల్లో లేదు, ప్రశ్నలోని చిన్న మాటల్లో ఉంది. డిరైవ్, జస్టిఫై, డిస్టింగ్విష్ అంటే ఏమి అడుగుతున్నారో తెలియక, జవాబు తెలిసి కూడా మార్కులు పోగొట్టుకుంటున్నాం. అర్థం కాని జవాబును ఇంగ్లీషులో బట్టీ పట్టడం ఇంకా నష్టం. ప్రశ్న కాస్త మారితే చేతులెత్తేయాల్సిందే.

అందుకే మా సూచనలు ఇవి. పాఠాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకుందాం. తర్వాత అదే విషయాన్ని సొంతంగా నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాద్దాం. 2020-21 నుంచి ఎదురెదురు పేజీల్లో రెండు భాషలతో వచ్చిన పాఠ్యపుస్తకాలు ఇందుకు ఎంతో అనుకూలం. రోజూ స్టడీ అవర్‌లో పది ప్రశ్నలు పైకి చదివి, ఏమి అడిగారో పెద్ద తరగతి అన్నలు తమ్ముళ్లకు చెప్పాలి. తప్పు మాట్లాడిన వాడిని చూసి నవ్వే అలవాటు మన హాస్టల్లో ఉండకూడదు. పూర్వ విద్యార్థులు నెలకు ఒక ఆదివారం వచ్చి ఒక్క పాఠం చెప్పినా చాలు. అధికారులు ఇంగ్లీషుకు, సైన్సుకు ట్యూటర్లను ఏడాది మొదట్లోనే ఇవ్వాలి. పరీక్షల ముందు ఇస్తే ప్రయోజనం తక్కువ.

భాష నేర్చుకుంటే వచ్చేదే. భయపడి గ్రూపు వదులుకుంటే పోయిన ఏడాది మళ్లీ రాదు. వచ్చే వార్షికోత్సవానికి మనలో ఎక్కువమంది సైన్సు గ్రూపుల్లో చేరి కనిపించాలని కోరుకుంటున్నాం.